ఇద్దరాడే ఆట

కూర్చోమంటే కూర్చుంటా సార్, కుర్చీకేం భాగ్యం! ముందు నా కొడుకును లోపలేస్తానని ఒగ మాట చెప్పండి. అప్పుడు కూర్చుంటా.

నవ్వుతాండారా? నవ్వండి. బయట మీ రైటరు సారు గూడా నవ్వినాడు. ‘అందరూ ఇడిపించమని వస్తారు, నువ్వేందమ్మా ఎయ్యమని వస్తివి’ అన్యాడు. ఏం జేసేది? ఇడిపించేదానికి లాయర్లుండారు, జీపులుండాయి, పార్టీలుండాయి. ఎయ్యమని అడిగేదానికి తల్లి గాకుంటే ఎవురొస్తారు సార్?

మతి తప్పలేదు నాకు. నా పేరు ఈశ్వరమ్మ. చెనిక్కాయల మిల్లులో గింజలేరే పని. సొంతూరు జమ్మలమడుగు అవతల బోడిగుట్టపల్లె.

చూడు, ఆ ఊరి పేరు చెప్తానే మీ మొగం మారిపాయ. కొత్తగా వచ్చినారన్యారే, మీకూ చెప్పేసినారన్నమాట.

గురప్ప పెండ్లాన్ని సార్ నేను. కోర్టు వాయిదాకు పోయి, బస్సు దిగి ఊర్లోకి నడ్చుకుంటా వస్తాంటే నరికి ఏసేసినారే, ఆ గురప్ప. మేం గొర్రెలోళ్ళం. మందెనకాల తిరిగేటోనికి పార్టీ ఎందుకంటారేమో. మా ఊర్లో పార్టీ లేకుంటే గొర్రెలకు బీడు లేదు, బాయి కాడ నీళ్ళు లేవు. ఉండేది రెండు పార్టీలు. ఏదో ఒగదాంట్లో దూరాల. ఈయన మా పెద్దాయన పార్టీలో దూరినాడు, అవతలోళ్ళు ఏసినారు. అంతే. మా ఊర్లో అట్లాంటి ఇండ్లు ఈదికొకటి ఉంటాయి, ఇదేం వింత గాదు.

ఆ దినమే అనుకున్యా, ఈ పిల్లోన్ని ఈ మన్నులో పెంచగూడదని. కర్మాలు అయినాక మందనమ్మేసి, నా ఓబులేసు చెయ్యి పట్టుకోని పొద్దుటూరొచ్చి పడినా.

ఊరు ఇడిస్తే పోతాదనుకున్యా. యాడ పోతాది? పండగొస్తే చాలు, పెద్దాయన జీపు మా సందులోకొచ్చి నిలబడేది. పిల్లోనికి కొత్త గుడ్డలు, మిఠాయి పొట్లం. దిగిన పతోడూ వాని గడ్డం కింద చెయ్యి పెట్టి, మొగం ఎలుతురుకు తిప్పి చూసేది. దేనికో తెలుసునా సార్? మీసం వచ్చిందా లేదా అని!

‘వస్తాందిలే, వస్తాంది’ అనుకునేటోళ్ళు వాళ్ళలో వాళ్ళు. పొట్టేలుకు కొమ్ములు చూసినట్ల.

వానికి ఆ చూపంటే ఒళ్ళంతా మంట. జీపు సప్పుడు ఇనపడితే ఎనక గోడ దూకి పోయేటోడు. యాడికి పోతాండాడో తెలీదు. బళ్ళో కనపడడు. చెప్తే ఇనడు, తిడితే ఎదురు తిరుగుతాడు. ‘నువ్వూ వాళ్ళ మాదిరే మా. ఆడికి పోవద్దు, ఈడ కూర్చో, అది చెయ్యి, ఇది చెయ్యొద్దు’ అంటాడు. అన్నం తట్ట తోసేస్తాడు. పదిహేనేండ్లకు మగపిల్లోల్లు అట్లనే అయితారంట గదా? మీకూ ఉండారా సార్ పిల్లోల్లు? సరేలే.

మిల్లులో ఒగామె చెప్పింది, నీ కొడుకు సినిమాహాలు సందులో కమాల్ బాషా అంగట్లో ఉంటాడు, వీడియో గేములంట, పొద్దస్తమానం ఆడనే అని.

పోతిని. చీపురుకట్టెత్తుకోనే పోతిని సార్! కిటికీలు గూడా లేని చిన్న గది. గోడ పొడుగునా టీవీలు. టీవీకి ఇద్దరు పిలకాయలు, చేతుల్లో వైర్లుండే రిమోట్లు. ఏం అరుపులు, ఏం అరుపులు! వాళ్ళ మధ్యలో నా కొడుకు. ఇంట్లో మూతి ముడ్చుకోనుండేటోడు ఆడ పండ్లన్నీ కనపడేట్ల నగుతాండాడు. వాళ్ళ నాయన సచ్చినాక వాడు అట్ల నగింది నేను చూడల్యా.

కొట్టాలని ఎత్తిన చెయ్యి అట్లనే నిలబడిపాయ.

టీవీలో ఇద్దరు బుడ్డ మనుషులు. ఒగడు ఎర్రచొక్కా, ఒగడు నీలంచొక్కా. ఉరుకుతాండారు, తుపాకులు కాలుస్తాండారు. ఉన్నట్టుండి ఎర్రోడు ఎల్లకిల పడిపాయ. నేను ‘అయ్యో’ అని గట్టిగా అరిచేసినా. పిలకాయలంతా తిరిగి చూసి ఒగటే నగడం.

‘ఏం గాదు మా, వానికి ఇంగా పానాలుండాయి’ అన్యాడు నా కొడుకు. చూస్తాండగానే ఆ ఎర్రోడు మినుకు మినుకుమంటా లేసి మళ్ళ ఉరికినాడు.

ఏమని కొట్టేది సార్ వాన్ని?

ఆ పొద్దు ఇంట్లో కూర్చోబెట్టుకోని అడిగినా. ఏముందిరా నాయనా దాంట్లో, కండ్లు పోతాయి, సదువు పోతాది, ఏం చూసుకోని పోతాండావు అని. వాడు ఏమన్యాడో చెప్తా ఇనండి.

‘ఆడ నన్ను ఎవురూ గురప్ప కొడుకు అనరు మా. ఏ ఊరని అడగరు. పానాలు అయిపోతే మళ్ళ మొదట్నుంచి ఆడుకోవచ్చు. చాలనిపిస్తే ఆపి లేసి రావచ్చు. ఆపొద్దని చెప్పేటోడు ఆడ ఎవురూ లేరు.’

ఆపొద్దని చెప్పేటోళ్ళే గదా వాని సుట్టూ ఉండేది. నేను గింజలేరి తెచ్చిన దాంట్లోనే కొంచెం వాని చేతిలో పెట్టి, బడైనాక పో, బడి మానొద్దు అన్యా. ఇన్యాడు సార్. నిజంగా ఇన్యాడు. పదో తరగతి పాసైనాడు. ఆ అంగడే లేకుంటే వాడు ఎప్పుడో జీపెక్కేటోడు, మీరు నమ్మినా నమ్మకున్యా.

ఇంగ ఇదేదో మంచికే అనుకుంటాంటి. అప్పుడొచ్చినాడు గంగాధర.

ఒగనాడు మద్యాన్నం ఓబులేసుకు జరమొచ్చి అంగట్లోనే పడిపోయినాడంట. వానీడు పిల్లోడే, వాన్ని సైకిలు మీద కూర్చోబెట్టుకోని, ఒగ చేత్తో పట్టుకోని మా ఇంటికి తోలుకోనొచ్చినాడు. సన్నగా పుల్ల మాదిరి ఉండాడు. చెమటలు కారిపోతాండాయి. పాపం, ఎవరి బిడ్డో అని సంగటి, చెనిక్కాయల ఊరిబిండి పెట్టినా. తలెత్తకుండా తిన్యాడు. చెయ్యి కడుక్కోని, గడప కాడ నిలబడి అన్యాడు:

‘పెద్దమ్మా, నేను ఎర్రన్న కొడుకును. ముందే చెప్పాలనుకున్యా గానీ, శానా ఆకలైతాంది, చెప్తే పెట్టవేమోనని...’

ఎర్రన్నెవురో మీకు తెలీదు గదా సార్. మా ఆయన్ను ఏసిన కేసులో యావజ్జీవం పడి కడప జైల్లో ఉండాడే, ఆ ఎర్రన్న.

పిల్లోన్ని చూస్తాండా, వాని మొగంలో వాళ్ళ నాయన యాడన్నా కనపడతాడేమోనని ఎతుకుతాండా. ముక్కు కాడ కనపడినాడు. కండ్లల్లో మాత్రం కనపడల్యా.

వాడు పోయినాక ఓబులేసును అడిగినా, నీకు తెలుసునా వాడెవరో అని. ‘మొదటి దినమే చెప్పినాడు మా’ అంటాడు! ‘మరి ఎట్ల కూర్చున్యావురా వాని పక్కన?’ అంటే, జరంలో గూడా లేసి కూర్చున్యాడు. ‘వాళ్ళు పోట్లాడుకోమంటే మేం పోట్లాడుకోవాల్నా? ఆటలో మేమిద్దరం ఒగే పక్క మా. వాని పానాలు అయిపోతే నేను ఒగటిస్తా, నాయి అయిపోతే వాడిస్తాడు. మీ పెద్దోళ్ళు ఏం పీకుతారో పీక్కోండి’ అన్యాడు.

మొరటు మాటే సార్. తల్లితో అనే మాట గాదు. అయినా ఆ మాట ఇన్యాక నాకు ఏడుపు రాల్యా, కోపం రాల్యా. ఈ జిల్లాలో అంత ఎదురు మాట అనిన మగోన్ని నేను చూడల్యా. మా ఆయన ఒగ్గసారి అట్ల అనుంటే బతికుండేటోడు.

గంగాధర తల్లి తిరుపాలమ్మ. ఆ యమ్మా నా మాదిరే పిల్లోన్ని ఎత్తుకోని ఈ ఊరొచ్చి, గుడ్డలంగడోళ్ళ ఇంట్లో అంట్లు తోముకుంటాంది. కొళాయి కాడ ఎదురుపడితే నేను అట్ల తిరుగుతా, ఆ యమ్మ ఇట్ల తిరుగుతాది. పిలకాయలు మాత్రం ఒగే సైకిలు మీద తిరుగుతాంటారు.

ఆ సైకిలే కొంప ముంచింది. పెండ్లికొచ్చిన మా ఊరోడెవడో చూసి, ఊర్లో చెప్పేసినాడు. గురప్ప కొడుకు, ఎర్రన్న కొడుకు ఒగే సైకిలు మీద నగుతా పోతాండారని. ఇంగ చూసుకో!

సార్, మా ఊర్లో ఆ రెండు పార్టీలు దేనికీ కలవలేదు. రోడ్డెయ్యడానికి కలవలేదు. కరువొచ్చి పశువులు సస్తాంటే గడ్డి తెప్పించడానికి కలవలేదు. అమ్మోరి జాతర గూడా రెండుసార్లు చేస్తారు. అట్లాంటోళ్ళు కమాల్ బాషా అంగడి మూయించేదానికి మాత్రం ఒగే మాట మీదకొచ్చినారు.

మొదట ఒగ జీపొచ్చింది. టీవీలు బయటేసి రాళ్ళతో పగలగొట్టినారు. మిగిలినవి రెండో పార్టీ జీపోళ్ళు పగలగొట్టినారు. తరువాత, పిలకాయల సదువులు చెడిపోతాండాయని ఎవురో అర్జీ పెట్టినారు, మీ ముందుండిన సారొచ్చి తాళమేసి పోయినాడు. పిలకాయల సదువంట! వాళ్ళకు పిలకాయల సదువు మీద ఎంత పేమ చూడండి.

కమాల్ బాషా పోతా పోతా మా ఇంటి కాడికొచ్చినాడు. ‘అక్కా, నా అంగట్లో ఒగ్గ పిల్లోనికీ దెబ్బ తగల్లేదే. నేనేం తప్పు జేసినా?’ అన్యాడు. పెండ్లాం ఖమ్రున్నీసాను, బిడ్డల్ని తీసుకోని బెంగళూరు పోయినాడు. యాడుండాడో, ఏం జేసుకుంటాండాడో.

ఇంగ నా కొడుకు ఇంట్లో పడుండాడు. గోడకు తిరిగి పండుకుంటాడు. అప్పుడు దిగినాడు సార్ పెద్దాయన. ఈసారి మనుషుల్ని పంపల్యా, తానే వచ్చినాడు. కొడతాడనుకున్యా. కొట్టల్యా, తిట్టల్యా. వాని పక్కన చాప మీద కూర్చోని ఏమడిగినాడో తెలుసునా?

‘గేములు బాగా ఆడతావంట గదరా? ఎట్ల ఆడతారు, చెప్పు ఇంటా’ అన్యాడు.

వాన్ని ఆ మాట అడిగిన పెద్దోడు ఇంతవరకు ఒగ్గడు లేడు. నేను గూడా అడగల్యా, ఏముందిరా దాంట్లో అన్యానే గానీ. వాడు లేసి కూర్చున్యాడు సార్. చేతులు తిప్పుకుంటా చెప్పినాడు. ఆయన శానా ఓపికతో ఇన్యాడు. ఇని, మెల్లగా ఒగ మాటన్యాడు: ‘నీ అంగడి మూయించింది అవతలోళ్ళు. వాళ్ళకు కబురిచ్చింది ఎవురనుకున్యావు? నీ జతగాడే.’

అబద్ధం సార్! పచ్చి అబద్ధం. నేను అడ్డం పడితే, ‘నీకేం తెలుసులేమ్మా’ అన్యాడు. వాని తట్టు తిరిగి ‘అమ్మ కొంగు పట్టుకోని ఇంగా ఎన్నాళ్ళురా?’ అన్యాడు. ఎవరి మాటా ఇననోడు గదా నా కొడుకు. నా మాట ఇననని చూపించేదానికి ఆ పొద్దే జీపెక్కినాడు. ఎదురు తిరిగే పిలకాయలే కావాల సార్ వాళ్ళకు. మెత్తనోళ్ళతో వాళ్ళకేం పని?

ఆ పక్క గంగాధరకూ ఇదే మాట చెప్పినారంట. పేరొగటి మార్చి.

ఇప్పుడు నా కొడుకు చేతికి గడియారముంది. తిరిగేదానికి మోటారుసైకిలుంది. గుట్టల్లోకి తోలుకోని పోయి ఇసిరేది నేర్పిస్తాండారు. ఏం ఇసిరేదో నేను చెప్పాల్నా మీకు? ఇంటికొస్తే గుడ్డలు టపాకాయల మందు వాసన. ‘మా, అందర్లో నాకే గురి బాగా కుదిరిందంట’ అంటాడు. బడిలో మార్కులు చెప్పినట్ల చెప్తాడు సార్.

వచ్చేవారం సర్పంచి ఎలక్షన్లు. బోడిగుట్టపల్లె ఓట్లేసే బూతు కాడ వీన్ని ముందర నిలబెడతారంట. ఆ పక్క ముందర ఎవురుంటారో మీకు చెప్పబల్లేదు.

నిన్న పొద్దున తలకు నూనె పెడతా అడిగినా. ఆ పక్క గంగాధర ఉంటాడురా, నీకు తెలుసునా అని. నా కొడుకు ఏమన్యాడో ఇనండి. ఇని, అప్పుడు నవ్వండి.

‘తెలుసు మా. వాడు బెదిరితే ఎప్పుడూ ఎడమపక్కకే దూకుతాడు. నేను ఎన్నిసార్లు చూసుంటా. నాకు తెలుసు’ అన్యాడు.

సగం తలకే నూనె పెట్టి, గిన్నె తీసి గూట్లో పెట్టేసినా.

రెండేండ్లు ఒగే బల్ల మీద తొడ ఆనించుకోని కూర్చున్యారు సార్ ఇద్దరూ. ఒగని పానం ఒగనికి ఇచ్చుకున్యారు. ఆ సావాసంలో నేర్చుకున్నేది కడాకు దీనికి వచ్చింది. ఆ పక్క వాడు గూడా ఇదే లెక్క ఏస్తాంటాడు గదా? వీడు ఎట్ల తిరుగుతాడో వానికీ తెలుసు గదా?

ఈ పొద్దు తెల్లారుతానే కొళాయి కాడికి పోయి, తిరుపాలమ్మ చెయ్యి పట్టుకున్యా. ఇన్నేండ్లకు ఇదే మొదలు. ఆ యమ్మ చెయ్యి ఇడిపించుకోల్యా. ‘నీదీ నాదీ ఒగే బాధ అక్కా’ అన్యాది. ఇద్దరం అనుకోనే వచ్చినాం. ఆ యమ్మ గేటు కాడ నిలబడుకోనుంది, లోపలికి రావాలంటే భయమంట. వాళ్ళాయన్ను తోలుకోనొచ్చింది ఇట్లాంటి టేషనుకే గదా.

ఇద్దర్నీ ఎయ్యండి సార్. ఎలక్షన్లయ్యే దాకా. ఎంత కొట్టినా మేం అడగం. ఒగే గదిలో ఎయ్యండి, కొట్టుకోని సస్తారేమో అంటారా? సావరు. నాకు తెలుసు. కాసేపు మూతులు ముడ్చుకుంటారు, కడుపు కాలితే ఒగడు ముందు మాట్లాడతాడు. అబద్ధమెవరు చెప్పినారో అప్పుడు తేలిపోతాది.

ఏందీ? మైనర్లా?

బాంబు పట్టుకునేదానికి మైనరు గాదు, జైల్లో కూర్చునేదానికి మైనరా సార్? వాళ్ళ ఈడు రాసేటప్పుడు కొంచెం ఎక్కువ రాయండి. ఏం జెయ్యనోళ్ళ మీద ఎన్ని కేసులు రాయల్యా మీరు? నా కొడుకు మీద ఒగటి రాయండి, పుణ్యముంటాది.

ఆధారం గావాల్నా? ఇస్తా. దానికే వచ్చినా.

కమాల్ బాషా అంగడి తాళం తీసినారు సార్. ఇప్పుడు మా పెద్దాయన పార్టీ ఆఫీసంట అది. బయట జెండా కట్టినారు. లోపల టీవీలుండిన గూళ్ళల్లో గోనెసంచులు కప్పి పెట్టినారు సరుకు. తాళంచెవి నా కొడుకు మొలతాడుకుంది. ఇప్పుడు పోండి, సరుకూ దొరుకుతాది, వాడూ దొరుకుతాడు. నా కండ్లతో చూసినా. సాక్ష్యం చెప్పమంటే కోర్టులో చెప్తా. కన్నతల్లే చెప్తాంటే ఇంగెవరు గావాల?

ఆ, ఫోన్ జెయ్యండి, జెయ్యండి. మనుషులు గావాల్నేమో. మందు సరుకు గదా, చూసి పట్టుకోమని చెప్పండి. పిల్లోనికి దెబ్బ తగలకుండా...

ఎవురికి సార్, పెద్ద సారుకా?

...

‘అన్నా’ అంటాండారేంది సార్?

ఏ అన్న? ... ఆఫీసులో సరుకు ఎత్తేయమని చెప్తాండారా? ‘మీ ఓబులేసు వాళ్ళమ్మే వచ్చిందన్నా’ అని, నా మాట గూడా చెప్పేస్తిరే?

సరే సార్. వద్దులే, ఫోన్ పెట్టేయబల్లేదు, మాట్లాడుకోండి. మా పెద్దాయన్ను నేను బావా అంటా. నా కొడుకు పెదనాయనా అంటాడు. మీరు అన్నా అంటాండారు. అయితే మనమంతా ఒగ ఇంటోళ్ళమే. ఇంటోళ్ళ మీద ఇంటోళ్ళకే చెప్పుకునేదానికి వచ్చినా చూడు, మతి తప్పింది నాకే.

నీళ్ళొద్దు సార్. పోతా.

గేటు కాడ ఆ యమ్మ ఉంది, ఏమన్యాడు సారని అడుగుతాది. చూస్తానన్యాడని చెప్తా. నా మాదిరే ఆ యమ్మా నిన్నటినుంచి ఏం తినల్యా. ఈ పొద్దన్నా ఒగ ముద్ద తిననీ.